నిగ్రహం, ఒంటి బరువు, బతుకు నాణ్యత
సాలువా (ఖరగ్‌పూర్)లో చేసిన స్మారకోపన్యాసం

పొట్ట చేతపట్టుకుని ఈ ప్రాంతానికి వచ్చి, పట్టాలు పరిచి, ఇంజన్లలో బొగ్గు వేసి, ఈ నేలమీదే కన్నుమూసిన తొలితరం తెలుగు రైల్వే కార్మికుల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా, కార్ఖానా ఊరుగా మలిచింది. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఇటు పనికి రావడం తేలికైంది. అలా వచ్చిన వారికి ఆకలి బాగా తెలుసు. ఇంట్లో గింజలు నిండుకోవడమే ఆనాటి పెద్ద భయం. వారి మనవలు, మునిమనవల ఇళ్ళలో ఇవాళ వినిపించే మాటలు వేరు: షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి, గురక, పొట్ట. రెండు మూడు తరాల్లో ఇంత మార్పు ఎలా వచ్చింది, దానికి ఎవరిని బాధ్యులను చేయాలి, ఏం చేస్తే మనుషులు సుఖంగా బతుకుతారు అన్నవి ఆ పెద్దల పేరున ఆలోచించదగ్గ ప్రశ్నలు. అందుకే నిగ్రహానికీ ఒంటి బరువుకూ బతుకు నాణ్యతకూ ఉన్న సంబంధాన్ని ఈ పూట విషయంగా తీసుకున్నాను.

ముందు పరిస్థితి ఎలా ఉందో చూద్దాం. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ లెక్కలో 25 చేరితే అధిక బరువు, 30 చేరితే ఊబకాయం అంటారు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 24 శాతం, పురుషులలో దాదాపు 23 శాతం ఆ 25 గీతకు చేరినవారో దాటినవారో. స్త్రీలనే తీసుకుంటే పశ్చిమ బెంగాల్‌లో 22.7 శాతం, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. అంటే ఖరగ్‌పూర్ తెలుగువారు పుట్టింటి వైపు చూసినా మెట్టినింటి వైపు చూసినా ఈ సమస్య నుంచి తప్పించుకునే దారి లేదు. పైగా మన ఒళ్ళకు ఆ గీత కూడా సరిపోదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనబడే భారతీయుడి ఒంట్లో కొవ్వు దాగి ఉంటుందనీ, అది ఎక్కువగా నడుము చుట్టూ చేరుతుందనీ ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. అందుకే మనకు 23 నుంచే జాగ్రత్త పడమనీ, నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోమనీ వైద్యులు చెబుతున్నారు. ఇలాంటి కొవ్వుతో ముడిపడిన గుండెజబ్బు విషయంలో రైల్వేవారికి హెచ్చరిక కొత్తదేమీ కాదు. రైల్వే వైద్యాధికారి డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా 1967లోనే దేశవ్యాప్తంగా రైల్వే ఉద్యోగుల మరణాల లెక్కలు తీసి, ఉత్తరాదివారి కన్నా దక్షిణాదివారిలో గుండెజబ్బు మరణాలు ఏడు రెట్లు ఎక్కువని చూపించారు.

ఇంత పెద్ద సమస్యకు మన ఇళ్ళలో దొరికే వివరణ మాత్రం చాలా చిన్నది. లావుగా ఉన్న మనిషిని చూడగానే ‘నోరు కట్టుకోలేడు’ అంటాం. ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి అన్న నానుడిని మందలింపుగా వాడతాం. లంఖణం పరమౌషధం అని సలహా ఇస్తాం. ఈ మాటల్లో అనుభవం ఉంది, కాదనను. కానీ వాటి వెనక ఒక ఊహ కూడా ఉంది. నిగ్రహం అనేది మనిషి లోపల ఉండే ఒక బలమనీ, కొందరికి ఎక్కువ ఉండి కొందరికి తక్కువ ఉంటుందనీ, పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు అది బయటపడుతుందనీ, లావు దాని ఓటమికి రుజువనీ ఆ ఊహ. ఈ ఊహ పొరపాటని నా వాదన. నిగ్రహానికి విలువ ఉంది, దాని వల్ల ఫలితమూ ఉంది. అయితే అది పని చేసేది నోటికీ ముద్దకూ మధ్య జరిగే పోరాటంలో తక్కువ, ఆ పోరాటమే రాకుండా రోజునూ ఇంటినీ పనినీ సర్దుకోవడంలో ఎక్కువ. ఆ సర్దుబాటులో మనిషి వంతు కొంత, ఇంటి వంతు కొంత, యజమాని వంతు, సమాజం వంతు కొంత. దాని ఫలితాన్ని కొలవవలసింది కూడా కాటా ముల్లుతో కాకుండా బతుకు నాణ్యతతో.

మన పూర్వీకుల దగ్గరే మొదలుపెడదాం. ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్ పార పట్టుకుని బొగ్గు వేస్తూనే ఉండాలి. గ్యాంగ్‌మన్ గునపంతో కంకర సర్దాలి, స్లీపర్లు మోయాలి. కార్ఖానాలో సుత్తి దెబ్బ ప్రతిదీ భుజబలంతోనే పడాలి. ఆ మనిషి రెండు పూటలా గుట్టగా అన్నం పెట్టుకుని తిన్నా ఒంటికి అంటలేదు. దాన్ని అతడి నిగ్రహం అనగలమా? ఈ ప్రశ్నకు పశ్చిమ బెంగాల్‌లోనే జరిగిన ఒక పరిశోధన జవాబిచ్చింది. జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, రాయ్, మిత్ర అనే ఇద్దరు సహచరులతో కలిసి ఇక్కడి ఒక జనపనార మిల్లులో 213 మంది తిండినీ బరువునూ పనినీ కొలిచి 1956లో ఫలితాలు ప్రకటించారు. కదలకుండా కూర్చునే దుకాణదారుల నుంచి గుమస్తాల దాకా, మెకానిక్కుల నుంచి బరువులు మోసే కూలీల దాకా అందరూ ఆ లెక్కలో ఉన్నారు. తేలికపాటి పని నుంచి కఠినమైన పని దాకా శ్రమ పెరిగేకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. ఆకలి శ్రమకు తగ్గట్టు నడిచింది. కానీ కూర్చుని చేసే పనులవారి దగ్గరకు వచ్చేసరికి ఈ పొందిక చెదిరింది. శ్రమ తగ్గినా తిండి తగ్గలేదు, పైగా పెరిగింది, దానితో పాటు బరువూ పెరిగింది. అంటే ఒంటికి కొంత కనీస కదలిక ఉన్నంత కాలం ఆకలి తన హద్దు తానే చూసుకుంటుంది. ఆ కదలిక పోయాక ఆ హద్దు చెరిగిపోతుంది. ఫైర్‌మన్ సన్నగా ఉన్నది మనోబలం వల్ల కాదు, పని వల్ల. అతడి మనవడు విద్యుత్ ఇంజనులో సీటు మీద కూర్చుని, కంప్యూటరు ముందు కూర్చుని, అదే అన్నం తిని లావెక్కాడు. అతడిలో మారింది శీలం కాదు, జీవిక.

ఒకసారి పెరిగిన బరువును తగ్గించుకోవడం ఎందుకంత కష్టమో శరీర శాస్త్రం చెబుతుంది. ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. అధిక బరువో ఊబకాయమో ఉన్న 50 మందిని పది వారాల పాటు బాగా తక్కువ కాలరీల ఆహారం మీద ఉంచారు. బరువు తగ్గింది. ఆకలిని అణిచే హార్మోన్లు తగ్గాయి, ఆకలిని రేపే హార్మోను పెరిగింది. ఏడాది తర్వాత చూసినా ఆ మార్పులు పూర్తిగా సర్దుకోలేదు, ఆకలీ తగ్గలేదు. అంటే బరువు తగ్గిన మనిషి తగ్గకముందు కన్నా ఎక్కువ ఆకలితో పోరాడుతున్నాడు, అదీ నెలల తరబడి. చూసేవారికి మాత్రం అది ‘మళ్ళీ మొదలుపెట్టాడు’ అన్నట్టు కనబడుతుంది. పుట్టుకతో వచ్చేది కూడా తక్కువేమీ కాదు. వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలలను ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం పరిశీలించి 1990లో చెప్పినది ఇదే: ఒకే పిండం నుంచి వచ్చిన కవలలు ఎవరింట పెరిగినా వారి బీఎంఐ చాలావరకు దగ్గరగానే ఉంటుంది. ‘ఒకే ఇంట్లో ఒకే అన్నం తిన్న అన్నదమ్ముల్లో ఒకడు సన్నం, ఒకడు లావు, మరి ఇది నిగ్రహం తేడా కాక మరేమిటి’ అనే ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. అన్నదమ్ములకు ఇల్లు ఒకటే కావచ్చు, ఆకలి ఒకటి కాదు. కడుపు నిండిందన్న కబురు ఒకరికి త్వరగా అందుతుంది, మరొకరికి ఆలస్యంగా అందుతుంది. త్వరగా అందినవాడికి నిగ్రహశాలి అన్న పేరు ఉచితంగా వస్తుంది.

ఇక నిగ్రహం గురించి మనస్తత్వ శాస్త్రం ఏమంటోంది? రాయ్ బౌమైస్టర్ 1998లో ఒక ప్రసిద్ధ ప్రయోగం చేసి, నిగ్రహం వాడేకొద్దీ తరిగిపోయే శక్తి అని ప్రతిపాదించారు. ఎన్నో ఏళ్ళు ఆ మాట చెలామణీ అయింది. 2016లో ఇరవైకి పైగా ప్రయోగశాలలు రెండు వేలకు మించిన మందితో దాన్ని తిరిగి పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అంతకన్నా మనకు పనికొచ్చేది 2012లో డెనిస్ డి రిడ్డర్ బృందం 102 అధ్యయనాలను కలిపి చూసి చెప్పిన సంగతి. నిగ్రహం ఎక్కువ ఉన్నవారికి చదువులోనూ ఉద్యోగంలోనూ ఆ గుణం బాగా అక్కరకు వచ్చింది, తిండి, బరువుల విషయంలో మాత్రం దాని ప్రభావం చాలా తక్కువగా కనబడింది. అదీగాక, ఆలోచించి అణచుకోవలసిన పనుల్లో కన్నా అలవాటుగా జరిగిపోయే పనుల్లోనే నిగ్రహం ఎక్కువ ఫలితమిచ్చింది. అదే ఏడాది విల్‌హెల్మ్ హోఫ్‌మన్, ఆయన సహచరులు జర్మనీలో పెద్దవారి రోజువారీ కోరికలను అప్పటికప్పుడు నమోదు చేయించారు. నిగ్రహం ఎక్కువని పేరున్నవారు కోరికలతో ఎక్కువగా పోరాడుతూ ఉంటారని మనం అనుకుంటాం. వారికి అలాంటి పోరాటాలే తక్కువగా ఎదురయ్యాయని తేలింది. ఈ సాక్ష్యాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. రైలు క్షేమాన్ని మనం డ్రైవరు ధైర్యానికి వదిలిపెట్టలేదు. ఒక దారికి సిగ్నల్ ఇచ్చాక దానికి అడ్డుపడే మరో దారికి సిగ్నల్ పడకుండా ఖరగ్‌పూర్ యార్డు నిండా ఇంటర్‌లాకింగ్ పెట్టుకున్నాం. డ్రైవరు మెలకువ అప్పుడూ కావాలి. కానీ అతడి మెలకువ మీదే సర్వం ఆధారపడకూడదన్నది ఆ ఏర్పాటు సారం. తిండి విషయంలోనూ మనిషికి కావలసింది అలాంటి ఏర్పాటే.

ఏర్పాటు అంటే ఏమిటో మన చుట్టూ ఉన్నవారిలో చూడవచ్చు. సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది. జవాను ఒళ్ళు బిగువుగా ఉండటానికి కారణం ప్రతి తెల్లవారుజామున అతడు మనసుతో యుద్ధం చేసి గెలవడం కాదు. లేచే వేళ, పరేడ్ వేళ, మెస్‌లో తినే వేళ ముందే నిర్ణయమై ఉంటాయి, తోటివారంతా అదే చేస్తుంటారు. మెలకువ వచ్చాక పరేడ్‌కు వెళ్ళాలా వద్దా అన్న ఆలోచన అతడికి రాదు. అతడే పదవీ విరమణ చేశాక ఆ ఏర్పాటు పోతుంది, తిండి అలవాటు మిగులుతుంది. దీనికి పూర్తిగా ఎదురు చివర రన్నింగ్ స్టాఫ్ బతుకు ఉంది. లోకో పైలట్‌కు, గార్డుకు కాల్ ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు. ఒక రోజు తెల్లవారుజామున అన్నం, మరో రోజు అపరాహ్ణం నిద్ర, రన్నింగ్ రూమ్‌లో వేళకాని వేళ భోజనం, బండి ఆగిన చోట టీ, బిస్కట్లు. నిద్ర తెగితే ఆకలి ఏమవుతుందో కరీన్ స్పీగెల్, షికాగో పరిశోధకులు 2004లో కొలిచి చూపారు. ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రపోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి మనసు పోయింది. రెండు రాత్రులకే ఇంత మార్పు వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన మనిషిని పట్టుకుని నీకు నిగ్రహం లేదనడం న్యాయం కాదు. భగవద్గీత ఆరో అధ్యాయం మితాహారాన్ని విడిగా చెప్పకుండా పనితో, నిద్రతో, మెలకువతో కలిపి చెప్పింది. ఆహారం ఒక్కటే మితంగా ఉండదని, మిగిలినవన్నీ మితంగా ఉంటేనే అదీ ఉంటుందని ఆ మాట చెప్పినవారికి తెలుసు.

ఇంట్లో ఈ ఏర్పాటు నెల సరుకుల చీటీ దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకాలరీలు కావలసిన మనిషికి తిండిగింజలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో 85 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలని ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు లెక్క కడితే బియ్యం, గోధుమపిండి అన్నీ కలిపి 30 కిలోలు, నూనె, నెయ్యి కలిపి మూడు కిలోల పైచిలుకు. జీతాల రోజున చీటీ రాసేటప్పుడు నూనె ప్యాకెట్లు ఆరు రాస్తామా, మూడు రాసి ఆ డబ్బుతో కందిపప్పు, ఆకుకూరలు పెంచుతామా అన్నది ఆ నెలంతటికీ జరిగే నిగ్రహం. ప్యాకెట్ ఇంటికి వచ్చాక బాణలి ముందు నిగ్రహం చూపడం ఎవరికైనా కష్టమే. మన భోజనంలో పిండి పదార్థాలదే పెత్తనం. భారతీయుడి రోజువారీ శక్తిలో దాదాపు 62 శాతం వాటి నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెబుతోంది. అన్నం కొండలా పెట్టుకుని పప్పును దాని మీద చిలకరించే అలవాటును తిరగేసి, కూర, పప్పు ముందు వడ్డించి అన్నం తర్వాత పెడితే సగం పని అయినట్టే. ఇక్కడ ఇల్లాలి సంగతి విడిగా చెప్పాలి. అందరూ తిన్నాక తినేది ఆమె. గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక, కూర లేకపోతే ఆవకాయ కలుపుకుని తినేదీ ఆమే. నడవడానికి వేళ దొరకనిదీ ఆమెకే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36.3 శాతం అధిక బరువులో ఉన్నారంటే, అందులో ఈ వడ్డనక్రమం పాత్ర ఎంతో ఆలోచించాలి. వంట ఎంత చేయాలన్నది కొలిచి చేయడం, అందరూ కలిసి కూర్చుని తినడం, సాయంత్రం ఓ గంట ఇంటిపని మగవారు అందుకోవడం ఆమె బరువుకు ఏ ఉపవాసం కన్నా మంచి మందు.

ఇప్పుడు రెండో మాట, ఫలితాన్ని దేనితో కొలవాలన్నది. ఇంత చేసి మనం సాధించవలసింది ఏమిటి? బతుకు నాణ్యత అంటే తాను పుట్టిపెరిగిన సంస్కృతిలో, తన ఆశలూ విలువల వెలుగులో తన బతుకు ఎలా ఉందని మనిషి భావిస్తున్నాడో అదేనన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం సారాంశం. బరువు పెరిగినప్పుడు మొదట దెబ్బతినేది ఒంటి పనితీరు: మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం, హాయిగా నిద్రపోవడం, రైలు వెళ్ళిపోతుంటే నాలుగడుగులు పరుగెత్తడం. వీటిని వెనక్కి తెచ్చుకోవడానికి సన్నబడి తీరాలనేమీ లేదు. మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్నవారిని స్టీఫెన్ మెసియర్ బృందం పరీక్షించి 2005లో చెప్పిన లెక్క ప్రకారం, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నడిపిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో 531 మంది పాల్గొన్నారు. 2006లో వచ్చిన ఫలితాల్లో, తిండి, నడక మార్చుకున్నవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. గమనించవలసింది ఏమంటే, వారి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనేలేదు. కాటా చూసి ఓడిపోయామనుకునేవారు నిజానికి గెలిచారు. అమెరికాలో ఐదు వేలకు మించిన మధుమేహ రోగులతో నడిచిన లుక్ అహెడ్ అధ్యయనంలో బరువు తగ్గించిన వర్గానికి గుండెజబ్బులు తగ్గలేదు, ఆ మాట దాచకూడదు. కానీ నాలుగేళ్ళ తర్వాత చూస్తే నడక, కదలిక కోల్పోయే ముప్పు వారిలో 48 శాతం తగ్గింది. అరవై దాటిన మనిషికి ఒకరి మీద ఆధారపడకుండా తన కాళ్ళ మీద తాను తిరగడం కన్నా గొప్ప నాణ్యత ఏముంటుంది?

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, పరిస్థితుల మీద నెట్టేస్తే మనిషి బాధ్యత ఏమవుతుంది అన్నది. ఇది గట్టి అభ్యంతరం. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించిన టెరీ మాఫిట్ బృందం, చిన్ననాట స్వీయ నియంత్రణ తక్కువున్నవారి ఆరోగ్యం 32 ఏళ్ళ వయసుకు మిగతావారి కన్నా బలహీనంగా ఉందని 2011లో చెప్పింది. కాబట్టి నిగ్రహం దేనికీ కొరగాదని నేననను. అదే అధ్యయనంలో, ఎదిగే క్రమంలో స్వీయ నియంత్రణ మెరుగుపడినవారి బతుకు ఊహించిన దానికన్నా బాగుందని కూడా తేలింది. అంటే అది నేర్చుకోగల విద్య. నేర్చుకోవడానికి బరువు విషయంలో ఎక్కువ రుజువులున్న పద్ధతి చాలా సాదాది: తిన్నది రాసుకోవడం, వారానికోసారైనా బరువు చూసుకోవడం, నడిచిన దూరం గుర్తుపెట్టుకోవడం. తన లెక్క తాను రాసుకునేవారే బరువు ఎక్కువ తగ్గారని అధ్యయనం తర్వాత అధ్యయనంలో తేలింది. నా వాదన బాధ్యతను రద్దు చేయదు. దాన్ని చేయగల చోటికి మారుస్తుంది. ఆకలితో ఉన్న వేళ, అలసిన వేళ, బజ్జీల బండి ముందు నిలబెట్టి బాధ్యత అడగడం వృథా. సరుకులు కొనేటప్పుడు, డబ్బాలో అన్నం సర్దుకునేటప్పుడు, పడుకునే వేళ నిర్ణయించుకునేటప్పుడు బాధ్యత అడగడం సబబు.

రెండో అభ్యంతరం, నాణ్యత పేరుతో లావును వెనకేసుకొస్తున్నామని, కాస్త సిగ్గుపడేలా అంటేనే మనుషులు మారతారని. దీనికి సాక్ష్యం ఎదురుగా ఉంది. అమెరికాలో వేలమంది పెద్దవారిని నాలుగేళ్ళు గమనించి ఏంజలీనా సుటిన్, ఆంటోనియో టెరాచియానో 2013లో చెప్పిన దాని ప్రకారం, బరువు వల్ల చిన్నచూపు ఎదుర్కొన్నామన్నవారు తర్వాత ఊబకాయులయ్యే అవకాశం మిగతావారి కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ. అవమానం బరువు తగ్గించదు, పెంచుతుంది. సిగ్గుపడ్డ మనిషి మైదానానికి నడకకు రాడు, డాక్టరు దగ్గరకు ఆలస్యంగా వెళతాడు, నలుగురిలో తక్కువ తిని ఒంటరిగా ఎక్కువ తింటాడు. పెళ్ళిచూపుల్లో, పేరంటాల్లో, ఆఫీసులో వేళాకోళంగా విసిరే మాట ఒక ఆడపిల్ల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి చెడగొట్టగలదు. లావు మంచిదని నేను చెప్పడం లేదు. దాని నుంచి బయటపడటానికి మనిషికి ఆత్మగౌరవం కావాలని చెబుతున్నాను.

మూడో అభ్యంతరం కొత్తది. ఇప్పుడు మందులు వచ్చాయి కదా, ఇంకా నిగ్రహం గొడవెందుకని. 2021లో వెలువడిన పరీక్షలో వారానికో సెమాగ్లూటైడ్ సూది వేసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేసుకున్నవారు 2.4 శాతమే తగ్గారు. 2025లో ఇలాంటి సూదులు మన దేశపు మార్కెట్లోకీ వచ్చాయి. అవసరమైనవారికి డాక్టరు సలహాతో ఇవి వరమే. వాటిని వాడేవారిని అడ్డదారి తొక్కారనడం తప్పు. అయితే ఈ మందులు రెండు సంగతులు రుజువు చేశాయి. నిన్నటిదాకా నోరు కట్టుకోలేడని పేరుపడ్డ మనిషి, ఒక హార్మోను సంకేతం మారగానే సగం పళ్ళెంతో తృప్తిపడి లేచాడంటే, లోపం అతడి శీలంలో లేదని తేలిపోయింది. సూది ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందంటే, చుట్టూ ఉన్న ఏర్పాటు మారకుండా మందు ఒక్కటే ఎల్లకాలం కాపాడలేదనీ తేలిపోయింది. నెలనెలా మందుకు ఖర్చుపెట్టలేని కుటుంబాలకు ఆ ఏర్పాటే ఆధారం.

కాబట్టి నా విన్నపం ఏర్పాట్ల గురించే. తెలుగు సంఘాల పెద్దలారా, మన పండగ భోజనాల్లో, వనభోజనాల్లో నాలుగు తీపి వంటకాలను ఒకటికి తగ్గించి, కూరలు, పప్పు పెంచండి. వడ్డించేవారు ‘ఇంకొంచెం’ అని బలవంతపెట్టే మర్యాదను మానిపించండి. ఆడవారు నిర్భయంగా, నిస్సంకోచంగా నడవడానికి కాలనీ మైదానాల్లో ఒక వేళ, ఒక చోటు కుదర్చండి. కార్మిక సంఘాల నాయకులారా, వేతనాల కోసం పోరాడినంత గట్టిగా రన్నింగ్ స్టాఫ్ నిద్ర కోసం, రన్నింగ్ రూముల్లో, క్యాంటీన్లలో మంచి తిండి కోసం పోరాడండి. అది ప్రయాణికుల క్షేమానికి కూడా సంబంధించిన విషయం. వైద్యులారా, బరువుతో పాటు నడుము కొలవండి, నిద్ర ఎలా ఉందో, మెట్లు ఎక్కగలుగుతున్నారో అడగండి. మందలించే ముందు ఆ మనిషి డ్యూటీ వేళలు తెలుసుకోండి. అధిక బరువుతో బాధపడుతున్నవారికి ఒక మాట: మీది శీలలోపం కాదు. మొత్తం ఒకేసారి మార్చాలని చూడకండి. వచ్చే నెల సరుకుల చీటీలో ఒక మార్పు, పడుకునే వేళలో ఒక మార్పు, రోజుకు అరగంట నడక, ఈ మూడింటితో మొదలుపెట్టి ఆరు నెలలు నిలబడండి. కాటా ఏం చెప్పినా, మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. మన పెద్దలు వెయ్యి కష్టాలు పడి మనకు కడుపునిండా తిండి సంపాదించి పెట్టారు. ఆ తిండితో ఆరోగ్యంగా బతికే పద్ధతిని మన పిల్లలకు నేర్పవలసిన బాధ్యత మనది.